వెర్నియర్ మీద ఎనిమిదో గీత

కిందటేడు దసరాకి పది రోజుల ముందు, ఒక సాయంత్రం మా అబ్బాయి కిక్ స్కూటర్‌ని వరండాలో నిలబెట్టి, హ్యాండిల్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూశాను. ముందు చక్రాన్ని కాలితో అదిమి పట్టినా హ్యాండిల్ కదిలింది. డెక్‌కి, అంటే కాళ్లు పెట్టి నిలబడే పలకకి, ముందు నిలువుగా ఉండే పొట్టి గొట్టం దగ్గర వేలు పెడితే టక్ టక్ మని తగిలింది.

వాడికి పదమూడేళ్లు. మా వీధి చివరి స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టులో ఆ స్కూటర్ మీద పైకి ఎగిరి, గాల్లో డెక్‌ని ఒక చుట్టు తిప్పి, మళ్లీ దాని మీదే రెండు కాళ్లూ పెట్టి దిగుతాడు. టెయిల్‌విప్ అంటాడు దాన్ని. దిగేటప్పుడు వాడి బరువంతా ఆ టక్ టక్ మనే చోటే పడుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే స్కూటర్‌ని అటక మీద పెట్టేశాను. వాడు అలిగాడు. బాగు చేయించాకే దింపుతానని మాటిచ్చాను.

ఆ స్కూటర్ మా తమ్ముడు ఇచ్చింది. బెంగళూరులో వాళ్ల పిల్లాడు రెండేళ్లు వాడి, సైకిల్‌కి మారిపోతే, సంక్రాంతికి విజయనగరం వచ్చినప్పుడు మేనల్లుడి కోసం తెచ్చాడు. మంచి డెక్కు, స్టీల్ హ్యాండిల్‌బార్, 110 మిల్లీమీటర్ల చక్రాలు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రం మరలది. అంటే ఫోర్కు గొట్టం మీద మరలు కోసి ఉంటాయి, వాటి మీద రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి బేరింగుల్ని అదిమి పట్టిస్తారు. మన పాత సైకిళ్ల పద్ధతే.

గంటస్తంభం దగ్గర మాకు ఏళ్లుగా తెలిసిన సైకిల్ మెకానిక్ బాబాయ్ ఉన్నాడు. రెండు పానాలు పెట్టి నట్లు విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"సైకిల్‌కైతే గోళీలు మార్చేద్దునమ్మా. దీనికి మర అరిగిపోనాది. నానెంత బిగించినా నాలుగు రోజులే. మళ్లీ ప్లే వచ్చేస్తాది."

"ఫోర్కు మారిస్తే సరిపోతుందా బాబాయ్?"

"ఫోర్కు దొరకాలి గదా. ఇది మన దగ్గర దొరికే సామాను కాదు."

నిజమే. ఊళ్లో 'స్కూటర్ ఫోర్కు' అని అడిగితే బండి స్పేర్ పార్ట్స్ కొట్టుకి పంపిస్తారు. ఫోర్కుని తిరగనిచ్చే బేరింగుల సెట్టుని హెడ్‌సెట్ అంటారు, ఫోన్‌లో 'స్కూటర్ హెడ్‌సెట్' అని వెతికితే హెల్మెట్‌లో పెట్టుకునే బ్లూటూత్‌వి వస్తాయి. 'స్టంట్ స్కూటర్' అని, 'థ్రెడ్‌లెస్' అని కలిపి వెతికాకే అసలు సామాను కనబడింది.

అక్కడ నేను తప్పు చేశాను. ముందుగా ఫోర్కు కొనేశాను. మరలు లేని థ్రెడ్‌లెస్ ఫోర్కు, క్రోమోలీ స్టీల్ గొట్టం, 110 చక్రం పడుతుంది, 'అన్ని స్కూటర్లకీ సరిపోతుంది' అని రాసి ఉంది. ఆ మాట నమ్మాను. ఆరు రోజుల్లో వచ్చింది. చక్రం చక్కగా కూర్చుంది. 608 బేరింగులే కాబట్టి, అంటే లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు, పాత ఇరుసు కూడా సరిపోయింది. చక్రం వెడల్పు 24 మిల్లీమీటర్లు. 30 వెడల్పు చక్రాల కోసం చేసిన ఫోర్కులూ ఉంటాయి, వాటిలో 24 చక్రం పెట్టాలంటే రెండు పక్కలా స్పేసర్లు వేసుకోవాలి. నాది ఆ గొడవ లేని రకం. చక్రం దగ్గర అంతా సుఖంగా ఉండడంతో మిగతాదీ అలాగే ఉంటుందనుకున్నాను.

కానీ ఆ ఫోర్కుని డెక్‌లో దూర్చాక దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. పాత హెడ్‌సెట్‌లో నట్లు మరల కోసం, కొత్త గొట్టం నున్నగా ఉంది. మరలు లేని ఫోర్కుకి మరలు లేని హెడ్‌సెట్టే కావాలి, ఒకదానితో ఒకటి కలపడం కుదరదు. ఈ చిన్న విషయం కొనేముందు తెలుసుకోలేదు.

హెడ్‌సెట్ అంటే ఏమిటో అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. కింద ఫోర్కు భుజం మీద ఒక రింగు, దాని మీద బేరింగు, ఆపైన డెక్ గొట్టం, దాని పైభాగంలో ఇంకో బేరింగు, దాని లోపల గాటు ఉన్న సన్నటి కంప్రెషన్ రింగు, దాని మీద దుమ్ము పడకుండా మూత. ఇంతే. మా డెక్‌కి వేరే కప్పులు లేవు, బేరింగు నేరుగా గొట్టంలోనే కూర్చుంటుంది. ఇంటిగ్రేటెడ్ అంటారు దీన్ని.

మెకానిక్ బాబాయ్‌కి ఈ సంగతి చెబితే గేర్ సైకిల్‌ది ఒక హెడ్‌సెట్ తీసిచ్చాడు. అది కూడా మరలు లేనిదే, గొట్టం సైజు కూడా అదే, అంగుళం, దాని మీద ఎనిమిదో వంతు. అంటే 28.6 మిల్లీమీటర్లు. ఇంటికి తెచ్చి పెట్టాను. దిగింది. ఇంకేం, అయిపోయిందని మా వాడు చప్పట్లు కొట్టాడు. నేను బేరింగుని వేలితో పక్కకి నొక్కి చూస్తే కొంచెం జరిగింది. కళ్లకి కనబడనంత, వేలికి తెలిసేంత.

మా వాడి కాటుక డబ్బీ ఇంకా ఇంట్లోనే ఉంది. బేరింగు అంచుకి కాటుక రాసి గొట్టంలో పెట్టి తీశాను. ఒక పక్కే అంటింది. రెండో పక్క శుభ్రంగా ఉంది.

నేను ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఇంటర్ పిల్లలకి మొదటి ప్రయోగం వెర్నియర్ కాలిపర్స్. ఏటా కొన్ని వందల మంది పిల్లల చేత గోళం వ్యాసం, సిలిండర్ ఎత్తు కొలిపిస్తాను. ఇంట్లో ఇంత అవసరం పడితే అంతవరకూ అది గుర్తుకే రాలేదు. మర్నాడు మేడంని అడిగి ఒక కాలిపర్స్ సంచిలో వేసుకుని వచ్చాను. సైకిల్ బేరింగు బయటి కొలత 41.0. డెక్ గొట్టం లోపల, పై దవడలతో కొలిస్తే 42కి దగ్గరగా వచ్చింది. బేరింగు పక్కన సన్నగా చెక్కిన అంకెలు భూతద్దంలో చదివాను: 36, 45. అవి అంచుల వాలు డిగ్రీలు.

స్టంట్ స్కూటర్లలో ఇంటిగ్రేటెడ్ డెక్కులకి ఎక్కువగా వాడేది 41.8 మిల్లీమీటర్ల బేరింగు, రెండు పక్కలా 45 డిగ్రీల వాలు. సైకిల్‌ది 41, లోపలి వాలు 36. తేడా 0.8 మిల్లీమీటరు. అంత తేడాతో గెంతితే బేరింగు గొట్టంలో రోజూ కొట్టుకుని, డెక్ గొట్టాన్నే లోపల అరగదీస్తుంది. బేరింగు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, గొట్టం అరిగితే డెక్కే పోతుంది. రెండు సెట్ల రింగుల్నీ కలిపి వాడకూడదని కూడా అప్పుడే అర్థమైంది, ఎందుకంటే లోపలి వాలు వేరు. బాబాయ్ దగ్గరికి వెళ్లి అది తిరిగి ఇచ్చేశాను. మారు మాట్లాడకుండా తీసుకున్నాడు, "కొలిసినావు కాబట్టి బతికినావు" అన్నాడు.

ఇక అసలు చిక్కు అప్పుడే మొదలైంది. మరల ఫోర్కులో బేరింగుల్ని అదిమేది నట్టు. మరలు లేని ఫోర్కులో అదిమేది ఎవరు? హ్యాండిల్‌ని పట్టుకునే క్లాంపే అదిమేస్తుందని నేనూ అనుకున్నాను, చాలామంది అనుకుంటారు. క్లాంపు అదమదు. అది అదిమినదాన్ని అదిమినట్టుగా పట్టి ఉంచుతుంది, అంతే. అదమడానికి వేరే ఏర్పాటు ఉండాలి. మా అమ్మమ్మ తిరగలి గుర్తొచ్చింది. నడిమి ఇరుసు వదులైతే పైరాయి అటూ ఇటూ ఊగి పప్పు పగలదు, మరీ బిగిస్తే రాయి తిరగదు. బేరింగుల మీద ఒత్తిడి కూడా అలాగే ఉండాలి, ఊగకుండా, బిగుసుకోకుండా. ఆ ఒత్తిడిని ఇచ్చే ఏర్పాటునే కంప్రెషన్ సిస్టమ్ అంటారు. ఇవి నాలుగైదు రకాలు. ఏది కుదురుతుందో చెప్పేది ఫోర్కు ఒక్కటే కాదు, హ్యాండిల్‌బార్ కూడా. నేను ముందుగా కొలవాల్సింది హ్యాండిల్‌బార్.

అప్పుడు కొలిచాను. కింది చివర బయటి వ్యాసం 31.8, లోపల 28.6కి రవ్వంత ఎక్కువ. స్టాండర్డ్ బార్ అంటే ఇదే. పాత ఫోర్కు గొట్టం మీద తొడుగులా నేరుగా ఎక్కేది కాబట్టే అలా ఉంది. కింద నిలువుగా ఒక చీలిక ఉంది, క్లాంపు బిగించినప్పుడు బార్ ముడుచుకుని గొట్టాన్ని పట్టుకోవడానికి.

ఈ కొలతలు పక్కన పెట్టుకుని ఒక్కో పద్ధతినీ చూశాను. హెచ్‌ఐసీ అనే పద్ధతిలో ఫోర్కు గొట్టం మీద ఒక తొడుగు వేస్తారు, మందం 1.6 మిల్లీమీటర్లు. తొడుగు పైనుంచి బోల్టుతో బేరింగుల్ని అదుముతారు, ఆ మీద హ్యాండిల్ దూరుస్తారు. లెక్క కట్టండి: 28.6కి రెండు పక్కలా 1.6 కలిపితే 31.8. అంటే బార్ లోపలి వ్యాసం 31.8 ఉండాలి. అలాంటి బార్ బయటి వ్యాసం 34.9, ఓవర్‌సైజ్ అంటారు. మా బార్ లోపల 28.6 కాబట్టి తొడుగు మీద ఎక్కనే ఎక్కదు. హెచ్‌ఐసీ పోయింది.

ఐహెచ్‌సీ అనేది ఎన్వీ అనే స్కూటర్ కంపెనీ వాళ్లు తెచ్చిన పద్ధతి. ఇందులో ఫోర్కు గొట్టమే పైభాగంలో సన్నగా ఉంటుంది, ఆ సన్నం మీద తొడుగు వేస్తే స్టాండర్డ్ బార్‌కి సరిపోయే మందం వస్తుంది. తేలిక, చూడ్డానికి పొందికగా ఉంటుంది. మా స్టాండర్డ్ బార్‌కి బ్రహ్మాండంగా కుదిరేది. కానీ దానికి ఐహెచ్‌సీ ఫోర్కే ఉండాలి, నేను కొన్నది పైదాకా ఒకే లావు. ముందు బార్ కొలిచి ఉంటే బహుశా ఈ దారిలోనే వెళ్లేదాన్ని.

ఐసీఎస్ అనే ఇంకో పద్ధతిలో హ్యాండిల్ లోపలే స్టార్‌నట్, అంటే గొట్టం లోపల బిగుసుకుని ఉండే నట్టు, దించి, ఫోర్కు కింద నుంచి పొడుగు బోల్టు పెట్టి పైకి లాగుతారు. మా బార్‌కీ, కొన్న ఫోర్కుకీ ఇది కుదిరేదే. ఖర్చు కూడా తక్కువ. కానీ బిగించాలన్న ప్రతిసారీ ముందు చక్రం విప్పాలి. మా వాడు చక్రం విప్పి మళ్లీ సరిగ్గా పెడతాడన్న నమ్మకం నాకు లేకపోయింది. వద్దనుకున్నాను.

మిగిలింది ఎస్‌సీఎస్. స్టాండర్డ్ కంప్రెషన్ సిస్టమ్. ఇది పొడుగాటి క్లాంపు, మామూలుగా నాలుగు బోల్టులు. లోపల మధ్యలో ఒక అంచు ఉంటుంది. కింది సగంలో ఫోర్కు గొట్టం, పై సగంలో హ్యాండిల్. అంచు మీద నుంచి ఒక బోల్టు ఫోర్కు లోపలి స్టార్‌నట్‌లోకి దిగి, క్లాంపుని కిందికి, ఫోర్కుని పైకి లాగుతుంది. బార్ గొట్టం మీద తొడుక్కోదు, దాని పైన నిలబడుతుంది. అందుకే ఓవర్‌సైజ్ బార్ అయినా పర్వాలేదు, స్టాండర్డ్ అయినా ఒక స్లీవ్, అంటే సన్నటి తొడుగు, వేసి బిగించవచ్చు. మందంగా ఉండే అల్యూమినియం బార్లు ఉన్నవాళ్లు ఎక్కువగా దీనివైపే వెళ్తారు. బరువు కొంచెం ఎక్కువే. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. గెంతే పిల్లాడికి తేలిక కంటే గట్టిదనం ముఖ్యమని నా అభిప్రాయం. అదే తీసుకున్నాను, దాంతోపాటు 41.8, 45 డిగ్రీల హెడ్‌సెట్. అమ్మేవాళ్లకి ముందే మెసేజ్ పెట్టి బేరింగు మీద అంకెలు ఫొటో తీయించి చూశాకే డబ్బు కట్టాను.

ఒక మెలిక మాత్రం ఉంది. ఎస్‌సీఎస్‌లో బార్‌కి చీలిక ఉండకూడదు. చీలిక ఉంటే బార్ ముడుచుకుంటుంది, నాలుగు బోల్టుల ఒత్తిడికి అక్కడే నలుగుతుంది. చీలిక ఉన్నంత మేరా కోసేయాలి. మా బార్ చీలిక కొలిస్తే 45 మిల్లీమీటర్లు. అంత కోసేస్తే హ్యాండిల్ పొట్టిదైపోతుందని మా వాడు గోల పెట్టాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఇదివరకు బార్ కింది అంచు పాత హెడ్‌సెట్ నట్ల మీద ఉండేది, ఇప్పుడు క్లాంపు మధ్యలో అంచు మీద ఉంటుంది. అంటే క్లాంపులో సగం ఎత్తు పెరుగుతుంది. కోసినదీ పెరిగినదీ దాదాపు సరిపోయాయి. హ్యాండిల్ వాడి నడుం దగ్గరికే వచ్చింది.

పార్శిల్ దసరా రోజు దాకా రాలేదు. ఆయుధ పూజకి వాడు ఫోర్కు లేని డెక్కుని, హ్యాండిల్‌ని విడివిడిగా దేవుడి ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టాడు. తర్వాతి వారం పార్శిల్ వచ్చింది. కానీ ఆ మంగళవారమే మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగ. మూడు లాంతర్ల చుట్టూ జనం కిటకిటలాడుతుంటే లేత్ షాపు ఎక్కడ తెరుస్తారు? బుధవారం కూడా మూసే ఉంది. గురువారం వెళ్తే లేత్ మీద ఆయుధ పూజ నాటి బొట్టు ఇంకా చెరగలేదు.

కోతకి లేత్‌కే వెళ్లమని ఎవరికైనా చెబుతాను. ఇంట్లో హ్యాక్‌సా బ్లేడుతో కోయవచ్చు, కానీ అంచు వాలుగా వస్తే బార్ ఒక పక్కే ఆనుతుంది, బరువంతా ఆ పక్కే మోస్తుంది. లేత్ అతను బార్ చీలికని కోసి, అంచుని లోపలా బయటా ఆకురాయితో నున్నగా చేసిచ్చాడు. ఫోర్కు గొట్టం కూడా కోయాలి. అది ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. అందుకే ముందు రోజు రాత్రి హెడ్‌సెట్, మూత, క్లాంపు అన్నీ వరసగా గొట్టం మీద వేసి, క్లాంపు లోపలి అంచుకి గొట్టం తగలకుండా 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా గీత గీశాను. ఆ ఖాళీ ఎందుకంటే, గొట్టం అంచుకి తగిలేస్తే బోల్టు ఎంత బిగించినా క్లాంపు కిందికి దిగదు, బేరింగుల మీద ఒత్తిడి పడదు. మరీ పొట్టిగా కోస్తే కింది బోల్టులకి పట్టు దొరకదు. మూడుసార్లు కొలిచాను. అయినా బ్లేడు గొట్టం మీద ఆనుతుంటే కళ్లు మూసుకున్నాను.

బిగించే రోజు వాడూ నేనూ వరండాలో పాత చీర పరుచుకుని కూర్చున్నాం. స్టార్‌నట్‌ని గొట్టంలోకి సుత్తితో నిదానంగా దించాం, పై అంచు నుంచి సుమారు 15 మిల్లీమీటర్ల లోతుకి. వంకరగా దిగకుండా దానికి బోల్టు తగిలించి, బోల్టు తల మీద కొట్టాలి. బేరింగులకి గ్రీజు రాశాం. కొత్త బేరింగుకీ అదే కాటుక పరీక్ష పెట్టాను. ఈసారి చుట్టూ అంటింది. కాలిపర్స్ మీద మెయిన్ స్కేల్ 41 దాటింది, వెర్నియర్ ఎనిమిదో గీత కలిసింది. ఏళ్ల తరబడి పిల్లలకి చూపించే గీతే అది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

క్లాంపు పెట్టి, నాలుగు బోల్టులూ వదులుగా ఉంచి, లోపలి బోల్టు బిగించాను. హ్యాండిల్ ఇంకా పెట్టలేదు, పెడితే ఆ బోల్టు అందదు. కొంచెం బిగించడం, ఫోర్కుని తిప్పి చూడడం, ఊపి చూడడం, మళ్లీ కొంచెం. ఊగుడు పోయిన చోట ఆపాను. కానీ ఫోర్కు తిరుగుతుంటే మూత డెక్ గొట్టానికి రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. హెడ్‌సెట్‌తో వచ్చిన కాగితం మందం రింగు ఒకటి మూత కింద వేస్తే పోయింది. ఆ తర్వాత కింది రెండు బోల్టులు బిగించి, స్లీవ్ చీలిక క్లాంపు చీలికకి ఎదురుగా వచ్చేలా పెట్టి, హ్యాండిల్ అంచు దాకా దించి, చక్రానికి సూటిగా సరిచూసి, పై రెండూ బిగించాం. ఒక్కటే ఒకేసారి పూర్తిగా బిగించకుండా, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా.

వాడు స్కూటర్ ముందు భాగం జానెడు ఎత్తు లేపి నేల మీద వదిలాడు. చక్రం చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. మళ్లీ వదిలాడు. "డయల్డ్ అమ్మా!" అని అరిచాడు. ఎక్కడా వదులు, గలగల లేకపోతే వీళ్లు వాడే మాట అట.

వారం తర్వాత మళ్లీ విప్పి చూశాను. కొత్త బేరింగులు సర్దుకోవడం వల్ల రవ్వంత ప్లే వచ్చింది. హ్యాండిల్ తీసి, కింది బోల్టులు కూడా వదులు చేసి, లోపలి బోల్టు పావు చుట్టు తిప్పి మళ్లీ అన్నీ బిగిస్తే పోయింది. మళ్లీ ఇప్పటిదాకా ముట్టుకోలేదు.

మొన్న ఆదివారం కోర్టు దగ్గర వాడి స్నేహితుడి వాళ్లమ్మ పలకరించింది. వాళ్ల అబ్బాయి స్కూటర్ కూడా టక్ టక్ మంటోందట, ఫోన్‌లో ఒక ఫోర్కు నచ్చిందట, డబ్బు కట్టేయనా అక్కా అని అడిగింది. "ఆగమ్మా, ముందు హ్యాండిల్ కొలుద్దాం" అని సంచిలోంచి కాలిపర్స్ తీశాను. 34.9 వచ్చింది.